కల్లంలో కుట్టుమేర

ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో మొహమాటమనే జబ్బొకటి ఉండేది. గట్టు తగాదా వస్తే కట్టె పట్టుకోవడానికి ఎవరికీ మొహమాటం లేదు. పెళ్ళిలో వడ్డన ఆలస్యమైతే విస్తరి ముందునుంచి లేచిపోవడానికీ లేదు. కానీ తన చేత్తో చేసిన పనికి కూలి అడగాలంటే మాత్రం రైతింటి ఆడదానికి సంగటి ముద్ద గొంతుకు అడ్డంపడినట్టే. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు. ఈ జబ్బును మొదట కనిపెట్టింది కుట్టుపని టీచరమ్మ కృపమ్మ. తీరా మందు వెతకబోతే, అదే జబ్బు తనకూ ఉందని తేలింది.

కృపమ్మ పుట్టింది ఆళ్ళగడ్డకు దగ్గర్లోని మద్దులపల్లెలో. తండ్రి నతానియేలుది తోలుపని. ఎద్దులను తోలి బావిలోంచి నీళ్ళు తోడే కపిలలకు తోలుబానలు కుట్టడం, చినిగితే అతుకు వేయడం ఆయన బతుకు. నతానియేలు వేసిన అతుకులోంచి నీటిబొట్టు కారదని ఊళ్ళో పేరు. కుట్టినప్పుడు ఎవరూ ఏమీ ఇచ్చేవాళ్ళు కాదు, ఆయన అడిగేవాడూ కాదు. జొన్న కల్లంలో రాసి పడ్డనాడు పోయి, ఏడాది పనికి తన వాటా గింజలు తెచ్చుకునేవాడు. కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి, కుమ్మరి అందరూ అట్లాగే తెచ్చుకునేవాళ్ళు. ఆ వాటాకు మేర అని పేరు. తల్లి లేని పిల్ల కాబట్టి కృపమ్మ కూడా సంచి పట్టుకుని తండ్రి వెనకే కల్లానికి పోయేది. ఆ కల్లం సంగతి తర్వాత చెప్పుకుందాం, ఎందుకంటే కృపమ్మ కూడా దాన్ని ఏళ్ళతరబడి ఎవరికీ చెప్పలేదు.

పాదిరి గారి మాట మీద ఆమెను నంద్యాలలో హాస్టలు ఉన్న బడిలో చేర్చారు. తోలు కుట్టేవాడి కూతురికి గుడ్డ కుట్టడం ఎంతసేపు? చదువుతోపాటు కుట్టూ వచ్చింది, అక్కడే చిన్నపిల్లలకు నేర్పే పనీ దొరికింది. నతానియేలు కూడా ఊరు వదిలి కూతురి దగ్గరికే వచ్చేశాడు. బావుల దగ్గర ఆయిలింజన్లు దిగుతుంటే తోలుబానకు గిరాకీ ఎక్కడిది? నంద్యాల బజారులో ఒక మూల గోనె పరుచుకుని చెప్పులు కుట్టుకునేవాడు. కూతురు మానెయ్యమన్నా మానలేదు.

1955లో ఆళ్ళగడ్డలో ఆడవాళ్ళకు కుట్టు నేర్పే కేంద్రం తెరిచారు. అప్పటికి కర్నూలు ఇంకా రాజధాని. కరువు దెబ్బకు కుంగిన పల్లెలను పైకి తేవాలని బ్లాకులూ, జీపులూ, గ్రామసేవకులూ కొత్తగా వచ్చిన కాలం. కుట్టుమిషన్లను నంద్యాల బస్సు టాపు మీద కట్టించి, వాటికి దెబ్బ తగులుతుందేమోనని దారిపొడుగునా కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూ దిగింది కృపమ్మ. ముప్పై దాటిన మనిషి. తెల్లచీర, మెడలో కొలత టేపు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఆడవాళ్ళు ఆరా తీస్తే, "నా కొలతకు సరిపోయినోడు దొరకల్య" అని నవ్వేసేది.

ఆమె ఎవరి కూతురో తెలియకపోయినా ఏ జాతిదో ఊరికి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. రైతుల ఇళ్ళనుంచి వచ్చిన కొందరు, ఆమె తాకిన మిషనును పసుపునీళ్ళతో కడిగితేగాని ముట్టుకోం అన్నారు. కృపమ్మ కోపగించుకోలేదు. కడుక్కోండి, తుప్పు పడితే మీరే గీకాలి అని మాత్రం చెప్పింది. కడిగారు. తుప్పు పట్టింది. రెండు దినాలు కూర్చుని గీకారు. పసుపునీళ్ళకు ఇనుము చెడుతుంది తప్ప శుద్ధి కాదని వేళ్ళ నొప్పులతో తెలుసుకున్నాక ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ గీకినవాళ్ళలో కొండమ్మ కూడా ఉంది.

కొండమ్మ మద్దులపల్లె కోడలు. ఆ ఊరి పెద్దరైతు పుల్లయ్యకు ఆమె తమ్ముడి భార్య. అన్నదమ్ములు పాళ్ళు పంచుకున్నాక ఆమె భర్త రామయ్య వంతుకు చౌడునేల వచ్చింది. రామయ్య నోట్లో నాలుక లేని మనిషి, అన్న ఇచ్చింది తీసుకున్నాడు. కరువేళ్ళలో ఆ చౌడు కూడా ఎండిపోయి, పేరుకు పెద్దింటి కోడలైన కొండమ్మ పొయ్యిలో పిల్లి లేవని పొద్దులు చూసింది. అయినా బయటికి చెప్పుకోదు. ఆ ఇంటి పరువు అటువంటిది.

కృపమ్మ నేర్పిన పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. బజారులో దర్జీల దగ్గర చేరిన కుర్రాళ్ళు ఏళ్ళకేళ్ళు కాజాలు కుట్టుకుంటూ ఉండిపోయేవాళ్ళు. గుడ్డ కత్తిరించేటప్పుడు మేస్త్రి వాళ్ళకు వీపు తిప్పి కూర్చునేవాడు, కత్తిరింపు తెలిస్తే రేపు ఎదురుగా అంగడి పెడతారని భయం. కృపమ్మ తొలి నెలలోనే కత్తెర తీసి ఆడవాళ్ళ చేతుల్లో పెట్టింది. ఆది రవిక పరిచి, చంక దగ్గర ఎంత వదలాలి, మెడ దగ్గర ఎట్లా తిప్పాలి, మిగిలిన పీలికతో ఏం చెయ్యొచ్చు, అన్నీ విప్పి చూపించింది. గుడ్డ పాడైతే తన జీతంలోంచి కొనిచ్చింది. అందరిలోకీ కొండమ్మ చెయ్యి చురుకు. ఏడాది తిరక్కముందే ఆమె కుట్టిన రవిక చూసి కృపమ్మ తిరగేసి మరగేసి, తప్పు దొరక్క, కళ్ళు తుడుచుకుంది. అంత మంచి టీచరు ఆమె.

నేర్చుకున్నవాళ్ళకు మిషను ఇంటికి తీసుకుపోయే వీలు ఉండేది. దానితో సంపాదించుకుంటే మిషను వాళ్ళదగ్గరే ఉంటుంది. కొండమ్మ మిషను రామయ్య బండిలో మద్దులపల్లె చేరింది. చేరిన వారంలోనే ఊరంతా ఆమె గడపలో ఉంది. ఆ ఊళ్ళో చుట్టం కానివాళ్ళు లేరు. ఒకరికి వదిన, ఒకరికి పిన్ని, ఒకరికి కోడలు. అత్త పావడా, ఆడబిడ్డ రవిక, తోడికోడలి పిల్లల గౌన్లు, బావ పుల్లయ్యకు పొగాకు పెట్టుకునే జేబున్న అంగీ, ఎవరిదో దిండు గలీబు. కుట్టించుకున్నాక ఒకరు దోసకాయ ఇచ్చారు, ఒకరు చెంబెడు మజ్జిగ ఇచ్చారు, తక్కినవాళ్ళు "నీ చెయ్యి చల్లగుండ" అని పోయారు. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టు, చేతులు బిగువైనాయని విప్పించుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. దారానికి డబ్బు కావాల్సివచ్చి కొండమ్మ ఇంట్లో నెయ్యి అమ్మింది. తక్కిన పల్లెల్లో తక్కిన ఆడవాళ్ళదీ ఇదే కథ.

రాజధాని కర్నూలునుంచి హైదరాబాదుకు మూటాముల్లె సర్దుకుంటున్న రోజుల్లో పెద్దాఫీసరు కేంద్రం చూడటానికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఆడవాళ్ళు కుట్టిన బట్టలన్నీ చేత్తో పట్టుకుని చూశాడు, మెచ్చుకున్నాడు. తర్వాత ఒక్క మాట అడిగాడు. ఇంతమంది నేర్చుకున్నారు కదా, వీళ్ళలో మిషను మీద బతుకుతున్నవాళ్ళు ఎవరు? కృపమ్మ హాజరుపట్టీ తిప్పి చూసి మూసేసింది. జూపాడు బంగ్లా వైపు ఆడవాళ్ళు మిషన్ల కోసం అడుగుతున్నారని, ఉగాది దాకా చూస్తానని, అప్పటికి ఒక్కరైనా తమ కుట్టు మీద గింజలు సంపాదించి చూపకపోతే మిషన్లన్నీ అక్కడికి పోతాయని చెప్పి ఆయన జీపెక్కాడు. ఆయన అడిగినదాంట్లో తప్పేముంది? ఆ సంగతి కృపమ్మకూ తెలుసు కాబట్టే ఆమెకు ఆ పూట అన్నం సయించలేదు.

పని నేర్పడం వేరు, ఆ పని పట్టుకుని తన కాళ్ళ మీద నిలబడటం నేర్పడం వేరు. మొదటిది చేసి రెండోది మరిచిపోయిన బళ్ళు లోకంలో బోలెడు. కృపమ్మ గొప్పతనం ఏమిటంటే, తాను నేర్పింది సగం చదువేనని తెలిసినప్పుడు ఆడవాళ్ళను తప్పుపట్టకుండా తక్కిన సగం ఎక్కడ దొరుకుతుందా అని బయల్దేరింది.

తొందర్లో మొదట తప్పుదారే పట్టింది. నంద్యాల బజారులో దర్జీ అంగళ్ళ మీద రేట్ల బోర్డులు చూసింది కదా, ఒక చెక్క మీద రవికకు ఇంత, పావడాకు ఇంత అని సున్నంతో రాసి, కొండమ్మ ఇంటి అరుగు గోడకు తగిలించి రమ్మని పంపింది. కొండమ్మ వద్దనలేక తగిలించింది. మద్దులపల్లె ఆ బోర్డును చదవలేదు, కానీ అర్థం చేసుకుంది. చుట్టాలకు బోర్డు పెట్టిందంట అని ఊరు గుప్పుమంది. పొయ్యిలోకి నిప్పు అడగబోతే పక్కింటి ఆమె నిప్పు ఆరిపోయిందని తలుపేసుకుంది. పుల్లయ్య భార్య తన పిల్లల గౌన్లను సగం కుట్టులోనే వెనక్కి తెప్పించుకుంది. రామయ్య రెండు పూటలు తినకుండా పడుకుని, మూడోపూట మెల్లగా లేచి బోర్డు తీసి దూడ కట్టేసే చోట పెట్టాడు.

కొండమ్మ మిషను బండిలో పెట్టుకుని ఆళ్ళగడ్డ వచ్చేసింది. కేంద్రంలో అందరి ముందరా మిషను దించి, ఇంక తనతో కాదని చెప్పింది. ఒక్కసారికే చేతులెత్తేస్తే ఎట్లా, అడగందే అమ్మయినా పెట్టదు, నోరు తెరిచి అడగడం నేర్చుకోవాలి అని కృపమ్మ సర్దిచెప్పబోయింది. కొండమ్మ కళ్ళెత్తి చూసింది.

"అడుగు అడుగు అని మాకు చెప్తాండావు. నీకు నెలకాంగానే సర్కారు జీతమిస్తాది. నువ్వెప్పుడన్నా ఎవురి ముందరన్నా నిలబడి అడిగినావా, టీచరమ్మా?"

కృపమ్మ లేదని చెప్పింది. అబద్ధం చెప్పలేదు, దాటవేయలేదు. మిషను మాత్రం ఉగాది దాకా ఇంట్లోనే ఉంచమని బతిమాలి, కొండమ్మను పంపేసి, ఆ శనివారం నంద్యాల బస్సెక్కింది.

నతానియేలు బజారు మూలన ఎవరిదో చెప్పుకు అతుకు వేస్తున్నాడు. కృపమ్మ పక్కన గోనె మీదే కూర్చుని సంగతంతా చెప్పింది. చెబుతూ చెబుతూ, ఎన్నడూ ఎత్తని కల్లం మాట తనంతట తానే ఎత్తింది. రాసి కొలిచేటప్పుడు రైతు ఒకటి అనడు, మొదటి కొలతకు "లాభం" అంటాడు, తర్వాత రెండు, మూడు. ఆ మాట విన్నప్పుడల్లా చిన్న కృపమ్మకు ఏదో పండగలాగా ఉండేది. తమ వంతు వచ్చేసరికి లాభమూ లేదు, లెక్కా లేదు. తండ్రి దూరంగా వంగి గుడ్డ పట్టుకుంటే, తగలకుండా పైనుంచి చేటతో పోసేవాళ్ళు. సగం దుమ్ములో పడేవి. ఆ దుమ్ములో గింజలు ఏరుకున్నది కృపమ్మ చిన్న వేళ్ళే. అందుకే ఆమెకు చెయ్యి చాచడమంటే చచ్చేంత సిగ్గు. జీతం వచ్చే ఉద్యోగమని తెలియగానే పరుగెత్తి చేరింది కూడా అందుకే.

"నువ్వు ఎట్ల అడిగేవాడివి నాయనా?" అంది చివరకు.

నతానియేలు దారం పళ్ళతో తెంపాడు. "యాడ అడిగితిని పాపా? మేర అడిగేది కాదు. ఏడాది పొడుగునా బాన కుట్టిస్తి. రాసి పడిన పొద్దు పొయ్యి నిలబడ్తి. పోసేటోని చెయ్యి మంచిదా చెడ్డదా అది వాని సంగతి. నిలబడినోనికే పిలుపు. సిగ్గుపడి ఇంట్లో కూసున్నోని బాన ఊరికే కుట్టినట్టే."

ఇంకో దారం ఎక్కించుకుంటూ, గింజలు కిందపడిన సంగతి తనకూ జ్ఞాపకముందని, అది తన తప్పు కాదని, ఏరుకున్న పిల్లది అసలే కాదని అన్నాడు. ఇన్నేళ్ళకు విన్న ఆ మాటకు కృపమ్మ నడిబజారులో, పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు చూస్తుండగా, కొంగు నోటికి అడ్డంపెట్టుకుని ఏడ్చింది. ఏడ్చి లేచేసరికి ఆమెకు దారి కనబడింది. మద్దులపల్లెకు రేట్ల బోర్డు పరాయిది. కల్లంలో మేర పరాయిది కాదు. వరసలు కలుపుకుంటూనే, మామా అన్నా అని పిలుచుకుంటూనే, ఏడాది పనికి ఏడాది గింజలు పుచ్చుకునే దారి ఊళ్ళో ఎప్పటినుంచో ఉంది. అందులో కుట్టుపనికి చోటు లేదు, అంతే.

తిరిగివచ్చి కొండమ్మకు చెబితే ఆమె అదిరిపడింది. మేరకు నిలబడేది పనిపాటలవాళ్ళు, రైతింటి కోడలు బావ కల్లంలో సంచి పట్టుకుని నిలబడితే పూలమ్మిన చోట కట్టెలమ్మినట్టు కాదా, రామయ్య తలెత్తుకోగలడా అంది. కృపమ్మ ఆ వాదానికి పోలేదు. తాను ఆ ఊరి నతానియేలు కూతురినని, ఆ కల్లంలోనే సంచి పట్టుకుని నిలబడ్డానని, గింజలు ఏరుకున్నానని చెప్పింది. కొండమ్మ ఆ ఊరికి కోడలై వచ్చేసరికి వాళ్ళు నంద్యాల చేరారు కాబట్టి ఈ సంగతి ఆమెకు తెలియదు. విని ఆమె కత్తెర మూస్తూ తెరుస్తూ కూర్చుంది.

"నువ్వు వస్తావా నాతోపాటు?" అంది.

వస్తానంది కృపమ్మ. నిలబడటానికే వస్తాను, నీ బదులు నోరు మాత్రం విప్పను అని ముందే చెప్పింది.

ఆ మాట తర్వాత కొండమ్మ ఊళ్ళో మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. బోర్డు పోయింది కాబట్టి ఊరు మెత్తబడి, ముందు ఆడపిల్లలు, వెనక ముసలమ్మలు, చివరకు పుల్లయ్య భార్యే సగం కుట్టిన గౌన్లతో తిరిగొచ్చింది. ఈసారి కొండమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు, నవ్వుతూ కుట్టింది, కల్లాలు వచ్చేదాకా.

మాఘమాసంలో పుల్లయ్య కల్లం. నల్లరేగడి జొన్న. గుండు తిప్పి, తూర్పారబట్టి, పొద్దు వాలకముందే రాసి చేశారు. రాసి మీద పేడముద్ద పెట్టి దండం పెట్టుకున్నాక పుల్లయ్య తూముతో కొలవడం మొదలుపెట్టి "లాభం" అన్నాడు. కల్లం అంచున, తోలుపనివాళ్ళు నిలబడే చోటు ఎక్కడో కృపమ్మ కాళ్ళకు గుర్తుంది. అక్కడికే పోయి నిలబడింది. ఆమెకు ముందుగా, కమ్మరికీ కుమ్మరికీ పక్కన, మడత విప్పని గోనెసంచి పట్టుకుని కొండమ్మ నిలబడింది. ఊళ్ళోవాళ్ళు ఆమెను చూసి, బావకు మజ్జిగ తెచ్చిందేమో అనుకున్నారు.

మేరలు మొదలయ్యాయి. కమ్మరిని పిలిచాడు, వడ్రంగిని పిలిచాడు. ఒక్కొక్కరే పోయి గింజలు పోయించుకుని పక్కకు తప్పుకుంటున్నారు. అందరివీ అయిపోయాక, ఆనవాయితీగా అడిగే మాట అడిగాడు పుల్లయ్య, ఇంకెవరన్నా ఉండారా అని. కొండమ్మ పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఆ మాటేదో తానే అనేద్దామని కృపమ్మకు గొంతుదాకా వచ్చింది. ఆ ఒక్క మాట మీదే ఆళ్ళగడ్డ మిషన్లన్నీ ఉన్నాయి. అయినా పళ్ళు బిగపట్టి ఊరుకుంది. టీచరు ఊరుకోవడం నేర్చుకోవడానికి ఎంత గుండె కావాలో ఊరుకున్నవాళ్ళకే తెలుసు. పుల్లయ్య బండి తోలుకురమ్మని చెయ్యెత్తాడు.

"నేనుండా బావా," అంది కొండమ్మ. "కుట్టుపని."

కల్లంలో ఉన్నవాళ్ళంతా ఆమె వైపు తిరిగారు. పుల్లయ్య ముఖం ఎర్రబడింది. అతను ఆమెను తిట్టలేదు, అంతకంటే కష్టమైన పని చేశాడు. మంచితనం చూపించాడు.

"ఇంటి ఆడదానివి, నీకు మేరేందీ? ఇంట్లో గింజల్లేకుంటే లేవని చెప్పొద్దా? మాపటికి ఇంటికి రా, రెండు మూటలు ఎత్తుకపొమ్మని చెప్తా."

రెండు మూటలు! ఏ మేరా అంత ఉండదు. ఆ ఏడు కొండమ్మ గాదెలో ఎలుకలు కూడా లేవు. ఆమె సంచి వైపు చూసుకుంది, మొగుడి వైపు చూసింది. రామయ్య బండి దగ్గర నేల చూస్తున్నాడు. కొండమ్మ తీసుకుంటే తప్పు పట్టేదెవరు?

"ఊరికే ఇచ్చేది వద్దు బావా," అంది కొండమ్మ. "ఏడంతా మీ ఇంటికి కుట్టినా. కుట్టినదానికి ఇయ్యి. కమ్మరికి ఎంతిచ్చినావో అంతే. అంతకు ఎక్కువొద్దు, తక్కువొద్దు."

పుల్లయ్య చెయ్యి అలవాటుగా పొగాకు కోసం అంగీ జేబులోకి పోయింది. ఆ జేబు కొండమ్మ కుట్టిందే. పొగాకు తీయకుండానే చెయ్యి అక్కడే కాసేపు నిలిచిపోయింది. అతనేమీ మహాత్ముడు కాదు, తమ్ముడికి చౌడు పంచినవాడే. కానీ రాసి ముందర నిలబడి అడిగినవాణ్ణి ఉత్తచేతుల్తో పంపిన రైతు ఆ వంశంలో లేడు. ఆ పట్టింపే ఆ రోజు అతన్ని మనిషిని చేసింది.

"సంచి పట్టు," అన్నాడు.

పోశాడు. కమ్మరికి ఎంతో అంత. పోసి, తూము పక్కన పెట్టి, వచ్చే ఏటికి కూడా ఇదే మేర అని కల్లంలో అందరికీ వినబడేట్టు చెప్పాడు. పుల్లయ్య కల్లంలో పడిన మేర ఇంకెవరి కల్లంలో పడదు? రామయ్య వచ్చి సంచి భుజానికెత్తుకున్నాడు. నోట్లో నాలుక లేని ఆ మనిషి దారిలో ఎదురైన ప్రతివాడికీ, అడక్కుండానే, ఇది మా ఆడామె కుట్టుమేర అని చెప్పుకుంటూ పోయాడట.

ఆ నెలలోనే కృపమ్మ తక్కిన పల్లెల ఆడవాళ్ళను వెంటబెట్టుకుని కల్లాలు తిరిగింది. కొందరికి పోశారు, కొందరిని ఎగతాళి చేసి పంపారు. మహానంది దారిలో ఒక ఊళ్ళో అయితే కుక్కల్ని ఉసిగొల్పినంత పని చేశారు. అయినా ఉగాదికి ఆఫీసరు వచ్చేసరికి కేంద్రం అరుగు మీద జొన్న సంచులు వరసగా నిలబడి ఉన్నాయి. ఆయన ఒక సంచి మూతి విప్పి గుప్పెడు గింజలు తీసుకుని చూశాడు. అందరినీ పేరుపేరునా పలకరించి, మిషన్లు ఇక్కడే ఉంటాయని, జూపాడు బంగ్లాకు కొత్తవి తెప్పిస్తానని చెప్పాడు. నిజంగానే తెప్పించాడు. అక్కడి ఆడవాళ్ళకు నేర్పడానికి పోయినప్పుడు కృపమ్మ మొదటి పాఠం కత్తెరతో మొదలుపెట్టలేదు, కల్లంతో మొదలుపెట్టిందని చెబుతారు. 1960 నాటికి ఆ చుట్టుపక్కల చాలా ఊళ్ళల్లో కమ్మరి మేర, కుమ్మరి మేర తర్వాత కుట్టుమేర అని పిలవడం పిల్లలకు కూడా అలవాటైపోయింది.

కానీ ఆ ఉగాది సాయంత్రం సంగతే అసలైనది. ఆఫీసరు జీపు పోయింది, ఆడవాళ్ళు సంచులు బండ్లకు ఎత్తించుకుంటున్నారు. కొండమ్మ మాత్రం తన సంచి ఈడ్చుకుంటూ గదిలోకి వచ్చింది. చదువు చెప్పిన అయ్యవారికి కూడా కల్లంలో మేర ఉంటుంది, నీ మేర నీకియ్యాల అంది. కృపమ్మ వద్దంది, జీతముంది కదా అంది. కొండమ్మ వినలేదు. చేతిలో శేరు ఉంది.

అప్పుడు కృపమ్మ, ఏ ఆలోచనా లేకుండా, దూరంగా జరిగి, వంగి, కొంగు పట్టింది. ఒళ్ళు దాన్ని మరిచిపోలేదు. చూసిన కొండమ్మ ముఖం ఒక్కసారిగా నల్లబడింది. పసుపునీళ్ళతో మిషను కడిగిన చేతులు అవి.

"కూసో," అంది కొండమ్మ. "ముందు నువ్వు కూసో."

తానూ కూర్చుంది, మోకాలికి మోకాలు తగిలేట్టు. కృపమ్మ కొంగు తన చేత్తో సరిచేసి, ఒళ్ళో పరిచింది. శేరు నిండా జొన్నలు ముంచి, గోపురం కట్టి, "లాభం" అని పోసింది. ఒక్క గింజ కింద పడలేదు.

కృపమ్మ ఒళ్ళోని గింజలను వేళ్ళతో నిమిరింది. కొండమ్మ శేరు పక్కన పెట్టి లేవబోయింది.

"మేరంటే ఒక్క శేరేనా, కొండమ్మా?" అంది కృపమ్మ. "ఇంగా పొయ్యి."